పటంలో ఇశ్రాయేలు

అబుదాబీ
26 ఫిబ్రవరి 2022, శనివారం

చి.ల.సౌ. సీతకి,

పాతకాలపు మొగుడిలా మొదలుపెట్టానని నవ్వుకో, ఫరవాలేదు. పెళ్ళయిన కొత్తలో రాసినవాటి తర్వాత నీకు ఇదే మొదటి ఉత్తరం. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఇదెందుకని అడుగుతావు. నువ్వెప్పుడు చూసినా ఫోన్ స్పీకర్లో పెట్టి మనవణ్ణి ఒళ్ళో వేసుకుని ఉంటావు. పక్కన సంజన ఉంటుంది, అల్లుడుంటాడు. ఇప్పుడు చెప్పబోయేది వాళ్ళు వినాల్సింది కాదు. నిజానికి నీకు చెప్పడానికీ మొహం చెల్లడం లేదు. కింది ఫ్లాట్ చాముండేశ్వరిగారు ఎల్లుండి కాకినాడ వెళ్తున్నారు, ఆవిడ చేతికిస్తున్నాను. కవరు గట్టిగా అంటించాను. ఆవిడ సంగతి నీకు తెలుసుగా.

తెలుగు సంఘం ఉగాది సంచిక కథల పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చిందని చెప్పాను కదా. కథేమిటని నువ్వడిగితే ‘వచ్చాక చదువుకుందువుగాని’ అని గొప్పలు పోయాను. ఇప్పుడు చెప్తాను, విను.

ఇదంతా మా ఆఫీసు గోడ మీది పటంతో మొదలైంది. 2020 ఆగస్టులో ఇక్కడివాళ్ళు ఇజ్రాయెల్‌తో ఒప్పందం ప్రకటించారు, గుర్తుందిగా. మా ముసఫ్ఫా ఆఫీసు రిసెప్షన్లో వేలాడే పటంలో అంతవరకూ ఆ దేశం పేరు లేదు. చుట్టుపక్కల పేర్లన్నీ ఉండి అక్కడ మాత్రం తెల్లగా ఉండేది. పేరు వేసి కొత్త ప్రింటు తియ్యమని పైనుంచి చెప్పారు. మా ఆఫీసు పెద్ద, ముదీర్ అబూ సామీని నువ్వు చూశావు, సంజన పెళ్ళికి ఖర్జూరాల డబ్బా పంపిన పెద్దాయన. వాళ్ళ తాతలది హైఫా దగ్గర ఒక పల్లె. ఆయన పుట్టింది జోర్డాన్లో. ఆ పని ఆయన చెయ్యలేదు. “నువ్వు చెయ్యి వేణూ” అన్నాడు. అక్షరాల సైజు నేనే ఎంచాను. సరిహద్దు గీత గట్టిగా గీయాలా, చుక్కలుగా గీయాలా అని అడిగితే కిటికీ వైపు తిరిగి, “కంపెనీ ఎలా అంటే అలా” అన్నాడు.

ముప్పయ్యేళ్ళుగా గీతలు గీసి బతికే వాడికి ఆ గీత మీద ఆలోచన పోకుండా ఉంటుందా? ఆ దేశం వేరేచోట పుట్టి ఉంటే ఈ గీత ఎటు తిరిగేదీ అనుకున్నాను. బ్రిటిష్‌వాళ్ళు ఒకప్పుడు యూదులకి తూర్పు ఆఫ్రికాలో చోటిస్తామన్న మాట నిజమే. మరి మద్రాసు ప్రెసిడెన్సీలో ఇస్తామని ఉంటే? అందులోనూ మన గోదావరి లంకల్లో? అంతే, కథ పుట్టింది. 1940లో హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన వాళ్ళు కాకినాడ రేవులో దిగుతారు. గోదావరి పాయల మధ్య వాళ్ళకో దేశం ఏర్పడుతుంది. రావులపాలెం వంతెన మీద చెక్‌పోస్టు, ఆవకాయ జాడీ మూత తీసి చూపించమనే కస్టమ్స్‌వాళ్ళు, అమలాపురంలో మేనకోడలి పెళ్ళికి వీసా దొరక్క ఇవతలి ఒడ్డు నుంచే అక్షింతలు వేసే మేనమామ. అక్కడి పల్లెల్లో అరబ్బులు తమ నారింజ తోటలు తాము చూసుకుంటూ హాయిగా ఉంటారు. దేశం పేరు మన తెలుగు బైబిల్లో ఉన్నట్టే ‘ఇశ్రాయేలు’ అని పెట్టాను. బోర్డుల మీద అలాగే ఉంటుంది మరి, తెలుగుదేశంలో పుట్టింది కదా అని నా తెలివి. కమిటీవాళ్ళు పడీ పడీ నవ్వారట.

నా కథలో ఎవరికీ నష్టం లేదని నేను మురిసిపోయాను సీతా. యూదులకి ప్రాణాలు దక్కాయి. అబూ సామీ వాళ్ళ తాతకి ఊరు మిగిలింది. మనకి పొరుగుదేశం దొరికింది. నష్టపోయిందల్లా లంకల్లో రెల్లుగడ్డి. ఈ మాటే టీ తాగుతూ అబూ సామీతో అన్నాను, ఆయనకేదో ఉపకారం చేసినట్టు. ఆయన శ్రద్ధగా విని, “అక్కడెవరూ లేరా?” అని అడిగాడు. “ఎవరూ లేరు, పోరంబోకు” అన్నాను. ఎవరి పేరా లేని సర్కారు భూమిని మావైపు అలా అంటారనీ, పనికిమాలిన మనిషిని తిట్టడానికీ అదే మాట వాడతామనీ చెప్పాను. “బోరంబోకు, బోరంబోకు” అని రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు, వాళ్ళకి ‘ప’ పలకదు కదా. “నువ్వు మంచి డ్రాఫ్ట్స్‌మన్‌వి వేణూ. యల్లా, ఆ డ్రైనేజీ షీటు అయిందా?” అన్నాడు. నేను దాన్ని మెప్పు అనుకున్నాను.

కథతోబాటు పటం కూడా వేస్తే బాగుంటుందని కమిటీ అడిగింది. గీశాను. మన ఊరి దగ్గరి గన్నేరులంకని రాజధాని చేసి, దాని మీద పెద్ద అక్షరాల్లో ఇశ్రాయేలు అని రాసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పరిచాను. నిన్న శుక్రవారం, ఇప్పుడు ఆ రోజు సగం పూటే కదా ఆఫీసు, నేను ఇంటికొచ్చేసరికి వీరదుర్గ వంట చేస్తోంది. కంచం పెట్టడానికి బల్ల దగ్గరికొచ్చి ఆగిపోయింది.

“ఇది మా లంకాండి అయ్యగారూ?”

“ఆఁ, మీ లంకే.”

వేలితో కూడబలుక్కుని చదివింది. “ఇ… శ్రా… యే… లు. ఇశ్రాయేలు! అయ్యబాబోయ్, మా తాతండి! మా తాత పేరండి ఇది!”

తను చెప్పుకుపోతోంది. “బాప్తిస్మం తీసుకున్నాక పెట్టుకున్న పేరండి. మా అమ్మ మళ్ళీ అమ్మోరికి మొక్కుకుని నాకీ పేరెట్టింది గానండి, తాత మాత్రం ఇశ్రాయేలేనండి. ఆయనిల్లు ఇక్కడే ఉండేదంటండి. ఎమ్మార్వో ఆఫీసులో, మీవోళ్ళు లంకలో ఉన్నట్టు కాయితమేదీ, అని మా అమ్మని తిప్పుతున్నారండి. ఎక్కడా లేదన్నారండి అందరూను. మీరు ఎతికి ఎట్టేరా అండి పటంలోన?”

ఈ దేశంలో ఏడేళ్ళుగా మనింట్లో పనిచేస్తోంది, ఆవిడ నాకు దణ్ణం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. నిన్న పెట్టింది. ఫొటో తీసి అమ్మకి పంపుతానంటే, “ఇంకా పూర్తికాలేదు, ఆగు” అన్నాను. “ఆయ్, అలాగేనండి” అంది. నేను అడక్కుండానే మినప్పప్పు నానబోసి సాయంత్రానికి గారెలు వేసింది. తిన్నాను సీతా. ఏమీ చెప్పకుండా కూచుని నాలుగు తిన్నాను.

సిగ్గు ఇంతటితో అయిపోతే ఫోన్లోనే చెప్పి ఉందును. వీరదుర్గ తాత పేరు నిజంగానే ఒక కాగితం మీద ఉంది. అది మన దగ్గరే ఉంది. అది నాకు తెలుసు. రాయడానికి ఇవాళ ఇంక చెయ్యి రావడం లేదు. ఫోన్లో ఏమీ అడక్కు.

నీ
వేణు


అబుదాబీ
12 మార్చి 2022

సీతా,

ఈ ఉత్తరంతోబాటు కొరియర్లో గొట్టం ఒకటి వస్తుంది. అందులో మా తాతగారి చిత్తు పటం ఉంది. నా డ్రాయింగు సామాన్లతో మనం ఎక్కడికి కాపురం మారినా నాతో వచ్చిన ఆ కాగితమే. తాతగారి దస్తూరీ ఎంత ముచ్చటగా ఉంటుందో అందరికీ చూపించేవాణ్ణి. దస్తూరీ చూపించేవాణ్ణే గాని ఏం రాసి ఉందో చదివి వినిపించేవాణ్ణి కాదు.

ఆయన సోమరాజుపేట కరణం కదా. 1940లో గన్నేరులంక కొలవమని పైనుంచి తాఖీదు వస్తే పడవేసుకుని వెళ్ళి పెన్సిలుతో ఈ చిత్తు గీశారు. ఏటి ఒడ్డు, బాట, చింతచెట్లు, ముప్పైరెండు చిన్న చదరాలు. ఒక్కో చదరం ఒక్కో ఇల్లు. పక్కనే ఇంటివాడి పేరు. తర్వాత ఇంటికొచ్చి సిరాతో శుద్ధప్రతి రాశారు. అందులో ఇళ్ళు లేవు. ‘ఖాళీ పోరంబోకు’ అని ఉంది. రెండేళ్ళకి అందులో ఎనిమిదెకరాలు ఆయన బావమరిది పేర పట్టా అయింది, తర్వాత మా నాన్నకొచ్చింది, నాకొచ్చింది. లంకలో వాళ్ళు ఏటిగట్టు మీదికి పోయారు. ఇది మా ఇంట్లో రహస్యం కూడా కాదు. తాతగారి చాకచక్యం కింద భోజనాల దగ్గర చెప్పుకునేవాళ్ళం. నేనూ నవ్వేవాణ్ణి.

ఇప్పుడు నా సంగతి. కథకి పటం కావాలన్నప్పుడు ఆ చిత్తునే స్కాన్ చేసి, దాని మీద కంప్యూటర్లో గీసుకుంటూ పోయాను. ఒడ్డు గీశాను. బాట గీశాను. చింతచెట్లు కూడా పెట్టాను, అందంగా ఉంటాయని. చదరాల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆపాను. కథకి ఖాళీ భూమి కావాలి. పొరపాటున వదిలేశానని నీకు రాయొచ్చు, నువ్వు నమ్ముతావు కూడా. పొరపాటు కాదు. చూసి, చదివి, వదిలేశాను. పద్నాలుగో చదరం పక్కన ‘ఇశ్రాయేలు’ అని కనిపిస్తే ‘భలే కుదిరిందే’ అని నాలో నేను నవ్వుకుని, సరిగ్గా ఆ చోటనే దేశం పేరు వేశాను. వీరదుర్గ దణ్ణం పెట్టింది ఆ వేళాకోళానికి.

ఇంకోటి కూడా ఉంది. నా దేశానికి సరిహద్దు గీస్తూ సోమరాజుపేట దగ్గర గీతని కాస్త వంచాను. మన వీధి, మన ఇల్లు, మన కొబ్బరితోట గీతకి ఇవతల క్షేమంగా ఉన్నాయి. ఆ వంపు ఎందుకని కమిటీలో ఒక్కరూ అడగలేదు. అందరివీ అలాంటి వీధులే కదా.

అబూ సామీకి చెప్పాను. ఆయన తిడితే బాగుండునని వెళ్ళాను. తిట్టలేదు. “ఎన్ని ఇళ్ళు?” అన్నాడు. ముప్పైరెండన్నాను. “పేర్లతో సహానా?” అని మళ్ళీ అడిగాడు. “మా ఊళ్ళో ఎన్నో నాకు తెలీదు. మా నాన్న ఒకసారి నలభై అనేవాడు, ఒకసారి అరవై అనేవాడు. ఎవడూ గీసిపెట్టలేదు.” తర్వాత, “ఆ కాగితం ఆవిడది కదా వేణూ, నీ గొట్టంలో ఏం చేస్తోంది?” అన్నాడు. నేను లేచి వచ్చేశాను.

ఆ మర్నాడే వీరదుర్గని వంటింట్లోంచి పిలిచి చిత్తు పటం ముందుపెట్టి అంతా చెప్పాను. తాతగారి సంగతీ, నా సంగతీ. నిలబడే వింది.

“అంటే ఈ ఇశ్రాయేలు మా తాత కాదాండి, దేశమాండి?” అని నా పటం చూపించి అడిగింది.

“దేశం.”

“మా తాత ఇందులో ఉన్నాడండి,” అని చిత్తు మీద వేలు పెట్టింది. “ఇందులోంచి తీసేశారండి.”

“తీసేశాను.”

తర్వాత నేలమీద కూచుని ముప్పైరెండు పేర్లూ ఒక్కొక్కటే పైకి చదివింది. చాలాసేపు పట్టింది. ఒకచోట, “ఇది మా నాయనమ్మ పుట్టిల్లండి,” అంది. ఇంకోచోట, “ఈళ్ళెవరూ మిగల్లేదండి,” అంది. ఏడవలేదు. “కూర మాడిపోద్దండి,” అని లేచి వెళ్ళి స్టవ్ కట్టేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మూడోనాడు మనింటి తాళంచెవి కింద గేటు కాసే నాతూర్ చేతికిచ్చి పంపింది. నాలుగు రోజులుగా నాతూరే నన్ను అదోలా చూస్తున్నాడనిపిస్తోంది. వాడికేమీ తెలీదు, నాకే అలా ఉంది. తెలుగువాళ్ళ దుకాణం ముందునుంచి వెళ్ళడం మానేశాను.

కథ వెనక్కి తీసుకున్నాను. ప్రింటుకి వెళ్ళేముందు ఇదేం పనండీ అని కమిటీవాళ్ళు విసుక్కున్నారు. దాన్ని మళ్ళీ రాస్తాను సీతా. ఈసారి ముప్పైరెండు ఇళ్ళూ పెట్టి, తాతగారి పేరుతో సహా, నా పేరుతో సహా, క్షమాపణగా రాస్తాను. వచ్చే ఏడాది సంచికలో వేస్తామన్నారు.

ఇక అసలు విషయం. ఆ ఎనిమిదెకరాలు మన పాతికేళ్ళ పెళ్ళిరోజున నీ పేర రాశాను. అది సంజనకిద్దామని నీ కోరిక. ఇప్పుడు దాన్ని గన్నేరులంకవాళ్ళకి దానంగా రాసిచ్చేద్దామని నా కోరిక. సంతకం నీది. నువ్వు పెట్టనంటే నిన్ను తప్పుపట్టే హక్కు ఈ భూమ్మీద నాకు లేదు. పటం మాత్రం నువ్వేం నిర్ణయించినా వీరదుర్గ వాళ్ళమ్మ నాగరత్నమ్మకి చేర్చు. గన్నేరులంక రేవు దగ్గర ఏటిగట్టు మీద ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారట.

నీ జవాబు ఎలాంటిదైనా రాయి. ఫోన్ చెయ్యకు, ఎత్తలేను.

నీ
వేణు


కాకినాడ
5 ఏప్రిల్ 2022

ఏమండీ,

మీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది బాత్రూంలో తలుపేసుకుని చదివాను. రెండోది చదివి, మడిచి బీరువాలో పెట్టి, ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. మీ మీద కోపంతో అనుకుని ఉంటారు. కోపం కాదు. మీలా దాపరికం లేకుండా నేను రాయగలనా అని నన్ను నేను పరీక్షించుకుంటున్నాను.

మీరొక్కరే సిగ్గుపడుతున్నట్టు రాశారు. అందులో నాకూ వాటా ఉంది, నేనే పెద్ద వాటాదారుని. మూడేళ్ళ క్రితం, 2019లో, మీరు ఆఫీసుకెళ్ళాక వీరదుర్గ నన్నడిగింది. “అమ్మగారూ, అయ్యగారి తాతగారు కరణం గారంట కదండి, మా అమ్మ అడగమందండి, పాత కాయితాల్లో మా లంకది ఏదన్నా ఉంటాదేటండి?” అని. చూస్తానులే అన్నాను. ఆ మధ్యాహ్నం మీ గొట్టం విప్పి చూశాను. ముప్పైరెండు ఇళ్ళూ చూశాను. పద్నాలుగో ఇంటి పేరు కూడా చదివాను. వాళ్ళ తాత పేరు తను అంతకుముందే నాకు చెప్పి ఉంది. మళ్ళీ చుట్టి గొట్టంలో పెట్టేసి, మర్నాడు తను అంట్లు తోముతుంటే, “అన్నీ వెతికాను వీరదుర్గా, ఏ కాగితమూ లేదు” అన్నాను. ‘అందరూ లేదన్నారండి’ అని మీతో అందే, ఆ అందరిలో నేనూ ఉన్నాను. మీరు చేసింది వేళాకోళమన్నా అనుకోవచ్చు. నేను సంజన కోసమని, తెలిసి, కళ్ళలోకి చూసి చేశాను. ఆ తర్వాత కూడా మూడేళ్ళు తనచేత నా తలకి నూనె రాయించుకున్నాను.

సంజనకి అన్నీ చెప్పాను. రెండ్రోజులు మాట్లాడలేదు. ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు. రేపు మిమ్మల్నీ నిలదీసి అడుగుతుందేమో, అడగనివ్వండి, అడగాల్సిన పిల్లే.

పోయిన వారం పటం తీసుకుని గన్నేరులంక రేవుకి వెళ్ళాను. నాగరత్నమ్మగారికి డెబ్బై దాకా ఉంటాయి. ఇల్లు గట్టు వాలులో ఉంది, ముందు గది నుంచి వెనక గదికి రెండు మెట్లు దిగాలి. పటం మంచం మీద పరిచాను. చుట్టూ జనం చేరారు. ఆవిడకి చదువు రాదు, నేను చదివాను. ఒక్కో పేరుకీ గుంపులోంచి ఎవరో ఒకరు “ఆయ్” అంటున్నారు, బళ్ళో హాజరు పలికినట్టు. ఏడెనిమిది పేర్లకి ఎవరూ పలకలేదు. అలాంటప్పుడు నాగరత్నమ్మగారు, “సదవండమ్మా, ఆగకండి” అన్నారు.

దానంగా రాసిస్తామని మా ఆయన రాశారని చెప్పాను. ఆవిడ ఫోన్లో వీరదుర్గని పిలిచి నా చేతికిచ్చారు. ఇప్పుడు తను అక్కడే అల్ ఐన్ ఊళ్ళో ఎవరింట్లోనో చేస్తోందట, మీకు తెలుసో తెలీదో. మూడేళ్ళ కిందటి అబద్ధం చెప్పాను. “నాకు తెల్సండి,” అంది. “గొట్టం మీద దుమ్ము తుడిచేది నేనే కదండి. ఆ పొద్దు దుమ్ము లేదండి. మీరు తీసి చూసేరని తెల్సండి. ఏ కాయితమో తెలీదు గానండి.” తెలిసీ ఎందుకు అడగలేదని అడిగాను. “నా ఈసా అయ్యగారి ఆఫీసు నుంచే ఇప్పించేరు కదండి. అడిగితే పోద్దని భయమేసిందండి.” అప్పుడు దానం సంగతి ఎత్తాను. “దానం ఒద్దండమ్మగారూ. దానమంటే మీదవుద్ది, మేం పుచ్చుకున్నోళ్ళమవుతాం. మాది మాకు ఒగ్గేశామని రాయండి” అంది.

నిన్న రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాం. దస్తావేజు రాసేవాడు అలవాటుగా ‘ప్రేమాభిమానములచే’ అని మొదలెట్టాడు. కొట్టేయించాను. ఎందుకమ్మా, అందరికీ అదే రాస్తాం అన్నాడు. హక్కు వదులుకుంటున్నట్టు రాయమన్నాను. కారణమేం రాయమంటారని అడిగాడు. ‘సదరు స్థలములో 1940 నాటికి ముప్పైరెండు గృహములు ఉండెను’ అని రాయించి, పేర్లన్నీ కింద వరసగా వేయించాను. మీ తాతగారి దస్తూరీ అంత అందంగా లేదు గాని చదవడానికి వీలుగానే ఉంది. ఇంకా సర్వేయరు కొలవాలి, తహసీల్దారు ఒప్పుకోవాలి, వారసుల కాగితాలు తేలాలి. ఏళ్ళు పట్టొచ్చన్నారు. నా వంతు సంతకం అయింది.

మీరు ఆ కథ మళ్ళీ రాయొద్దు. క్షమాపణగానైనా రాయొద్దు. రాస్తే అందులో మళ్ళీ మీరే కనిపిస్తారు, ఎంత మంచివాడో అని సంఘంలో చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. ఈ ఒక్కదానికి చప్పట్లు లేకుండా ఉందాం. వీరదుర్గకి ఫోన్ చెయ్యండి. తను తిడితే వినండి. తిట్టకపోయినా ఫోన్ పెట్టేయకండి.

ఇక నేను అసలు రాయాల్సింది ఇదీ. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి నాగరత్నమ్మగారిని ఇంటి దగ్గర దింపడానికి వెళ్ళాను. మధ్యాహ్నం రెండయింది. పొద్దుటి నుంచి ఇద్దరం మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. “మీరు నీసు తినరని తోటకూర పప్పు ఒండించేనమ్మా. గిన్ని కొత్తదేనండి, నిన్న సంతలో తెచ్చేం. తినెల్లండి” అంది. కొత్త స్టీలు గిన్నె, దాని మీద అంటించిన కాగితం కూడా పూర్తిగా ఊడలేదు. అరిటాకు కడిగి వేసి ఉంది. నేను, “ఇప్పుడే తినొచ్చానమ్మా, కడుపులో చోటు లేదు” అన్నాను.

ఎందుకన్నానో మీరు అడగరు, మీకు తెలుసు. వీరదుర్గ చేతి వంట ఏడేళ్ళు తిన్నాను, మన వంటింట్లో, మన గిన్నెల్లో. వాళ్ళ గుమ్మం లోపల కూచునేసరికి ఆ మాట దానంతటదే వచ్చింది. ఎనిమిదెకరాలకి సంతకం పెడుతుంటే కొంచెమైనా తడబడలేదు, ఈ అబద్ధానికీ తడబడలేదు. పొద్దుటి నుంచి నా పక్కనే కూచున్న మనిషి, నేనేమీ తినలేదని ఆవిడకి తెలుసు. “అలాగేనమ్మా” అని ఆకు మడిచి పక్కన పెట్టింది. ఆటో ఎక్కేదాకా నాతో వచ్చి నిలబడింది.

మీరు గారెలు తిన్నారని సిగ్గుపడ్డారు. నేను తినలేదు. రాత్రంతా ఆ మడిచిన ఆకే కళ్ళలో మెదిలింది. ఏ దేశం ఎక్కడుండాలో, గీత ఎటు తిరగాలో మీరు ఎన్ని కథలైనా అల్లుకోండి, నాకవేమీ తెలీవు. నేను రేపు మళ్ళీ గట్టుకి వెళ్తున్నాను. వస్తున్నానని నాగరత్నమ్మగారికి ఫోన్ చేయించాను. పొద్దున్న ఏమీ తినకుండా బయల్దేరతాను.

మీ
సీత